నీరు పల్లమెరుగు, లీకు ఎవరెరుగు?

మా వంటింట్లో గ్రానైట్ గట్టు సింకు వైపుకి కాస్త వాలుగా ఉంటుంది. నీళ్ళు నిలవకుండా కావాలనే అలా పెట్టారట. ఈ ఒక్క సంగతి ముందే తట్టి ఉంటే నాకు కాఫీ మిషన్ లీకు వెతుకుతూ పడ్డ రెండు నెలల టెన్షన్, ప్యూరిఫయర్ మెకానిక్‌కి ఇచ్చిన 350 రూపాయలు, అనవసరంగా కొన్న ఇంకో గాస్కెట్ డబ్బులు మిగిలేవి.

జూలైలో మొదలైంది. పొద్దున్నే లేచి వంటింట్లోకి వెళ్తే ఎస్ప్రెసో మిషన్‌కి (ఒత్తిడితో చిక్కటి కాఫీ తీసేది) కుడిపక్కన, సింకుకీ మిషన్‌కీ మధ్య అరచేయంత మడుగు. సరిగ్గా దాని పైనే గోడకి ఆర్వో ప్యూరిఫయర్ ఉంది. ఎవరైనా దేన్ని అనుమానిస్తారు? మెకానిక్ వచ్చాడు, ఏదో కనెక్టర్ మార్చాడు, "ఇంక రాదు మేడమ్" అని వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ అదే చోట, అదే సైజులో మడుగు. వేలు ముంచి వాసన చూశాను. కాఫీ వాసన లేదు, రంగూ లేదు. కాబట్టి కాఫీ మిషన్‌ది కాదు అనుకున్నాను చూడండి, అది నా మొదటి తెలివితక్కువతనం. మిషన్ లోపల నీళ్ళు ట్యాంకులోంచి గొట్టంలోకి, అక్కడినుంచి పంపులోకి, బాయిలర్లోకి, సోలెనాయిడ్ వాల్వులోకి (కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న గేటు) ఇంత దూరం ప్రయాణం చేసి చివరి అంగుళంలో మాత్రమే పొడిని తాకుతాయి. అంతకు ముందు ఎక్కడ కారినా అవి మంచినీళ్ళే.

మిషన్ కొత్తదేం కాదు. మూడేళ్ళ కిందట స్నేహితురాలు ఒకామె డల్లాస్ వెళ్ళిపోతూ, అక్కడి 120 ఓల్టుల కరెంటుకి ఇది పనికిరాదని సగం ధరకి నాకు అంటగట్టింది. ఒకటే ఇత్తడి బాయిలర్, 58 మి.మీ. పోర్టాఫిల్టర్ (కాఫీ పొడి వేసి మిషన్‌కి బిగించే పిడి ఉన్న గిన్నె), వెనకవైపు ట్యాంకు, 1400 వాట్లు. కంపెనీ పేరు అడక్కండి, ఇందులో వాళ్ళ తప్పు పెద్దగా లేదు, నా తప్పే ఎక్కువ. ఇలాంటి మిషన్లు లోపల చూస్తే దాదాపు అన్నీ ఒకటే.

లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చెప్పేస్తాను, తర్వాత చెప్పబోయేదంతా దీని మీదే ఆధారపడి ఉంది. కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఒత్తిడి బయటి గాలి కన్నా సుమారు ఒక బార్ ఎక్కువ ఉంటుంది. కారు టైరులో రెండు బార్ల పైచిలుకు. ఎస్ప్రెసోకి కావలసింది తొమ్మిది బార్లు. పోర్టాఫిల్టర్‌లో పొడి పోసే 58 మి.మీ. వెడల్పు జల్లెడ గిన్నె, అంటే బాస్కెట్ మీద తొమ్మిది బార్లంటే లెక్కేస్తే దాదాపు 240 కిలోల బరువు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఇంచుమించు పది. అంత బరువుని పోర్టాఫిల్టర్‌కున్న రెండు ఇత్తడి చెవులు మోస్తుంటే నీళ్ళు పక్కల నుంచి జారిపోకుండా ఆపేది ఒక్క రబ్బరు గాస్కెట్. మన కుక్కర్ గాస్కెట్‌కి అక్క అనుకోండి. కుక్కర్‌ది ఏడాదికో రెండేళ్ళకో గట్టిపడి మూత పక్కనుంచి ఆవిరి కక్కుతుందా లేదా? ఇదీ అంతే, ఇంకాస్త తొందరగా.

నాది గట్టిపడిందని తెలిసింది కూడా అప్పుడే. ప్యూరిఫయర్ నిర్దోషి అని తేలాక మిషన్ని పరీక్షగా చూడటం మొదలుపెట్టా. కాఫీ తీస్తుంటే పోర్టాఫిల్టర్ అంచు మీదుగా గోధుమరంగు చుక్కలు జారుతున్నాయి, కప్పులోకి కాదు, కప్పు బయటికి. పిడి ఎక్కడిదాకా తిరుగుతోందో చూశా. పైనుంచి గడియారంలా చూస్తే బిగించాక పిడి ఆరు గంటల దగ్గర, నేరుగా మన వైపు ఆగాలి. నాది ఐదు దాటి నాలుగున్నర దాకా పోతోంది, అయినా కారుతోంది. నెలల తరబడి నాకు తెలీకుండానే రోజుకింత రోజుకింత ఎక్కువ బలం పెట్టి తిప్పుతున్నానన్నమాట. ఇది మనకి తెలీకుండా జరిగే వ్యవహారం. అందుకే కొత్త గాస్కెట్ వేసిన రోజే పిడి ఎక్కడ ఆగుతోందో ఫోటో తీసిపెట్టుకోండి.

పాత గాస్కెట్ ఊడదీయడం ఒక యుద్ధం. షవర్ స్క్రీన్, అంటే పొడి మీదకి నీళ్ళు చల్లే జల్లెడ, దాన్ని పట్టుకున్న స్క్రూ తీస్తే జల్లెడ రాలింది, దాని వెనక ఎన్నేళ్ళ కాఫీ మడ్డో తారులా పేరుకుని ఉంది. గాస్కెట్ మాత్రం కదల్లేదు. స్క్రూడ్రైవర్‌తో కెలికితే మాడిన అప్పడంలా పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది తప్ప ఊడి రాలేదు. చివరికి చిన్న చెక్క స్క్రూలు రెండు, ఎదురెదురుగా, ఆ రబ్బరులోకే బిగించి, స్క్రూ తలల్ని కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని కిందికి లాగితే టప్పుమని వచ్చింది. గాడిని పాత టూత్‌బ్రష్‌తో, వేడినీళ్ళతో తెల్లగా కడిగాను. ఇక్కడ బద్ధకిస్తే కొత్త గాస్కెట్ వంకరగా కూర్చుని మళ్ళీ కారుతుంది. కొత్తది ఎక్కించడానికి వేళ్ళ బలం చాలదు. పోర్టాఫిల్టర్‌లోంచి బాస్కెట్ తీసేసి, ఖాళీ పోర్టాఫిల్టర్‌తోనే కింద నుంచి నెమ్మదిగా అదిమితే సమంగా కూర్చుంటుంది. నా గాస్కెట్‌కి ఒక అంచు ఏటవాలుగా చెక్కి ఉంది, ఆ వైపు పైకి, చదునైన వైపు కిందికి.

గాస్కెట్ కోసం ఆన్‌లైన్లో వెతికితే ప్రతి చోటా ఈ-61 అన్న పేరే కనిపిస్తుంది. ఇదేదో రబ్బరు గ్రేడు అనుకున్నాను. కాదట. 1961లో ఇటలీ కంపెనీ ఫేమా తెచ్చిన మిషన్ పేరు, ఆ ఏడాది ఫిబ్రవరి 15న అక్కడ కనిపించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని తల్చుకుని పెట్టింది. ఆ మిషన్ గ్రూపు (పోర్టాఫిల్టర్ బిగించే తల) సైజు ఎంత పాతుకుపోయిందంటే ఇవాళ్టికీ గాస్కెట్లు ఆ పేరుతోనే అమ్ముడుపోతున్నాయి. గ్రహణం పేరున్న వస్తువు ఇంట్లో పెట్టుకున్నావా అంది అమ్మ, నవ్వుతూనే.

అమ్మ అప్పుడు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. నేను స్పానర్లు పరుచుకుని కూర్చుంటే పక్కన తన ఇత్తడి ఫిల్టర్లో డికాక్షన్ దిగుతోంది. "మా ఫిల్టరూ చుక్క చుక్కగా కారుతుందే," అంది, "కాకపోతే గిన్నెలోకి." దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇవాళ్టికీ లేదు.

గాస్కెట్ మార్చాక పిడి బుద్ధిగా ఆరు దగ్గర ఆగింది, అంచు చుక్కలు పోయాయి. రెండ్రోజులు పండగ. మూడో రోజు పొద్దున మళ్ళీ సింకు పక్కన మడుగు.

గాస్కెట్ నాసిరకం అనుకుని ఈసారి సిలికాన్‌ది తెప్పించా. అది మెత్తగా ఉండి పిడి హాయిగా తిరిగింది, మడుగు మాత్రం అలాగే ఉంది. తర్వాత కప్పు కింద నీళ్ళు పట్టే డ్రిప్ ట్రే మీద పడ్డాను. కాఫీ తీయడం ఆపగానే "టిస్స్" మని శబ్దం వస్తుంది కదా, అప్పుడు సోలెనాయిడ్ వాల్వు బాస్కెట్ మీద మిగిలిన ఒత్తిడిని, నీళ్ళని ఒక గొట్టం ద్వారా ట్రేలోకి వదిలేస్తుంది. అంటే ట్రే నిండటం రోగం కాదు, మిషన్ ఆరోగ్యంగా ఉందని గుర్తు. కానీ ట్రేని పూర్తిగా వెనక్కి తోయకపోతే ఆ నీళ్ళు ట్రే వెనక అంచు బయట పడతాయి. మిషన్ లీకైపోతోందని గగ్గోలు పెట్టేవాళ్ళలో కొంతమందిది ఇదే కేసు. ముందు ఇది చూసుకోండి, పైసా ఖర్చు లేదు. నాది ఇదీ కాదు.

కంపెనీ సర్వీసుకి ఫోన్ చేస్తే మిషన్ని బెంగళూరు పంపాలన్నారు. పార్సిల్ ఖర్చు మీదే, ఎన్ని వారాలు పడుతుందో చెప్పలేం అన్నారు. సరేనని పెట్టేశా.

అసలు దారి దొరికింది వినాయక చవితికి. మూడు రోజులు ఊరెళ్ళాం, వెళ్ళేముందు మిషన్ ప్లగ్గు పీకేశాను. తిరిగొచ్చి తలుపు తీస్తే గట్టు మీంచి నీళ్ళు ధారకట్టి కింద డ్రాయర్లోకి దిగాయి, అందులో ఉన్న మినప్పప్పు పాకెట్ తడిసి మొలకలొచ్చేలా ఉంది. నేను నెత్తి కొట్టుకుంటుంటే మా ఆయన మాత్రం నింపాదిగా ఒక మాట అన్నాడు: "ప్లగ్గు పీకేసి ఉంటే ఎలా కారింది?"

రెండు నెలలుగా నేను "ఎక్కడ" అని వెతుకుతున్నాను. "ఎప్పుడు" అని ఒక్కసారి కూడా అడగలేదు. ప్లగ్గు పీకి ఉంటే పంపు తిరగదు, బాయిలర్ వేడెక్కదు, ఒత్తిడి ఉండదు. మిషన్ మొత్తంలో అప్పుడు కదలగలిగే నీళ్ళు ట్యాంకులోవి మాత్రమే, అవీ సొంత బరువుతో. అంటే దొంగ ట్యాంకుకీ పంపుకీ మధ్య ఆ జానెడు దూరంలోనే ఉన్నాడు.

ఆ రాత్రే ట్యాంకు నిండా నీళ్ళు పోసి, మిషన్లోంచి తీసి, పాత న్యూస్‌పేపర్ మీద పెట్టి పడుకున్నా. పొద్దున చూస్తే పేపరు ఎండుటాకులా ఉంది. ట్యాంకు మంచిదే అని తీర్మానించబోయి, అడుగున ఉన్న చిన్న స్ప్రింగ్ వాల్వుని వేలితో నొక్కాను, నీళ్ళు చిమ్మాయి. అప్పుడు వెలిగింది. ట్యాంకు బయట ఉన్నప్పుడు ఆ వాల్వు మూసుకుని ఉంటుంది కాబట్టి కారదు. మిషన్లో కూర్చోబెట్టినప్పుడు కింద ఉన్న పుల్ల దాన్ని పైకి తోసి తెరుస్తుంది, అప్పుడు నీళ్ళని ఆపేది వాల్వు కాదు, దాని చుట్టూ కూర్చునే ఓ-రింగు, అంటే సన్నటి రబ్బరు ఉంగరం. నేను పరీక్ష పెట్టింది ఒకదానికి, తప్పింది ఇంకొకటి. మర్నాడు రాత్రి ట్యాంకుని మిషన్లోనే ఉంచి, నీటి మట్టం దగ్గర మార్కర్ పెన్నుతో గీత గీశాను. తెల్లారేసరికి నీళ్ళు గీతకి బొటనవేలు వెడల్పు కిందికి దిగాయి. మీరూ మొదట చేయాల్సింది ఇదే. ఒక గీత, ఒక రాత్రి, స్క్రూడ్రైవర్ ముట్టుకోకుండానే సగం మిషన్ని అనుమానం నుంచి తప్పించేస్తుంది.

ఓ-రింగు బయటికి తీసి చూస్తే అది గుండ్రంగా లేదు. ఉబ్బి, వదులై, గాడిలో పట్టక ఒక పక్క మడత పడింది. పాతది పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళాను. పంపులు, బేరింగులు, రబ్బరు సామాన్లు అమ్మే ఆ సందుల్లో వెతికితే దొరకనిది ఉండదని మా నాన్న అనేవాడు. ఒక చిన్న కొట్లో పెద్దాయన నేను ఇచ్చిన రింగుని చూడను కూడా చూడకుండా వేళ్ళ మధ్య నలిపాడు.

"దీనికి నూనె తగిలిందా మేడమ్?"

"లేదండీ, నీళ్ళే. ఊరికే ట్యాంకు ఈజీగా ఎక్కాలని కొంచెం పెట్రోలియం జెల్లీ రాశాను."

"అదే నూనె. ఇది ఈపీడీఎం రబ్బరు, నీళ్ళకి, ఆవిరికి బంగారం లెక్క పని చేస్తది, నూనె తగిల్తే ఉబ్బుతది. ఈ సైజు చూసి ఇస్తే మీకు పెద్దది పడ్తది, వాపు మీద కొలత తీసుకుంటే ఎట్ల? గాడి కొల్చుకొని రాండ్రి."

శీతాకాలంలో పెదాలకి రాసుకునే జెల్లీని నేనే, నా చేత్తోనే, ఆర్నెల్ల కిందట దానికి పూసిన మాట నిజం. రబ్బరుకి తడి తగిలితే చాలదు, జిడ్డు కావాలని అనుకున్నా. కావలసింది సిలికాన్ గ్రీజు, అదీ తినే వస్తువులకి వాడదగ్గది. నల్లగా ఉండే ఇంకో రకం ఓ-రింగు, ఎన్‌బీఆర్ అంటారు, నూనెకి తట్టుకుంటుంది కానీ ఆవిరి దగ్గర తొందరగా పాడవుతుంది. రెండూ నల్లగానే ఉంటాయి, కళ్ళతో చూసి చెప్పలేం, అందుకే అడిగి కొనాలి. గాడి కొలవడానికి మళ్ళీ కూకట్‌పల్లి దాకా వెళ్ళి రావడం నావల్ల కాదంటే పెద్దాయన నవ్వి, అటొకటి ఇటొకటి నాలుగు సైజులు పొట్లం కట్టి నలభై రూపాయలు తీసుకున్నాడు. రెండోది సరిగ్గా పట్టింది. ఆ రాత్రి మార్కర్ గీత దగ్గరే నీళ్ళు ఆగాయి.

ఇక్కడితో అయిపోతే ఇంత పొడుగు పోస్టు రాసేదాన్ని కాదు.

రెండు రోజుల తర్వాత మళ్ళీ మడుగు. ఈసారి చిన్నది, రూపాయి బిళ్ళంత. రాత్రిపూట రావట్లేదు, కాఫీ చేసిన అరగంటకి వస్తోంది. అంటే మొదటినుంచీ ఇద్దరు దొంగలు. పెద్దవాడి మడుగులో చిన్నవాడి మడుగు కలిసిపోయి ఇన్నాళ్ళూ బయటపడలేదు. పెద్దవాడు దొరికాకే చిన్నవాడు కనిపించాడు.

ప్లగ్గు పీకి, గంటన్నర చల్లారనిచ్చి, పై కవరు తీశాను. ఈ మాట కాస్త గట్టిగా చెప్తున్నా, స్విచ్ ఆపడం వేరు, ప్లగ్గు పీకడం వేరు. కవరు కింద 230 ఓల్టుల టెర్మినళ్ళు బట్టబయలుగా ఉంటాయి, నీళ్ళు పక్కనే ఉంటాయి. కవరు తీసి ఉండగా కరెంటు ఇవ్వొద్దు. లోపల తడి కనిపించలేదు, వేడికి ఆరిపోయి ఉంటుంది. ఎడమవైపు వెనక మూల అడుగు రేకు మీద మాత్రం తెల్లటి ఉప్పు చార ఒకటి కనిపించింది. నీళ్ళు ఆరిపోతాయి, అందులోని సున్నం ఆరిపోదు, ఎక్కడినుంచి ఎక్కడికి పారిందో గీత గీసి పెడుతుంది. ఆ చార వెనక ఎడమ మూలలో మొదలై, రేకు మడత వెంబడి ముందు కుడి కాలి దగ్గరున్న రంధ్రం దాకా వచ్చింది. అక్కడ గట్టు మీదకి దిగి, గట్టు వాలుని పట్టుకుని సింకు వైపు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు పెద్దవాళ్ళు. నేను రెండు నెలలు పల్లాన్ని చూసి నిజం అనుకున్నాను.

మూల తెలిసింది, కానీ ఆ మూలలో అతుకులు నాలుగున్నాయి. కవరు మూసి, పొడి వెయ్యకుండా ఉత్త నీళ్ళు రెండు కప్పులు వదిలి, మళ్ళీ ప్లగ్గు పీకి, తెరిచి చూశా. పొడి పొడిగా ఉంది. మళ్ళీ చేశా, మళ్ళీ అంతే. ఇది నన్ను ఒక పూట తినేసింది. సంగతేమిటంటే పొడి లేకపోతే నీళ్ళకి అడ్డే ఉండదు, ధారగా పోతాయి, అడ్డు లేకపోతే ఒత్తిడి పుట్టదు. పంపు మీద పదిహేను బార్లు అని రాసి ఉన్నా సరే, ఎదురు తోసేది ఏదైనా ఉంటేనే ఆ బార్లు. తొమ్మిది బార్ల దగ్గర మాత్రమే కారే అతుకు ఉత్త నీళ్ళతో ఎందుకు కారుతుంది?

రంధ్రాలు లేని బాస్కెట్ ఒకటి దొరుకుతుంది, బ్లైండ్ బాస్కెట్ అంటారు, శుభ్రం చేయడానికి వాడతారు. దాన్ని బిగిస్తే నీళ్ళకి పోయే దారి ఉండదు, మొత్తం లైను తొమ్మిది బార్లకి ఎక్కేస్తుంది. ఇంక ఆరిపోయే తడిని ఎలా పట్టుకోవాలి అంటే, మా అమ్మాయి స్కెచ్ పెన్ను. టిష్యూ పేపర్ని సన్నటి పీలికలు చేసి, ఒక్కో పీలిక మధ్యలో నీలం చుక్క పెట్టి, నాలుగు అతుకుల చుట్టూ ఒక్కోటి చుట్టాను, కరెంటు టెర్మినళ్ళకి, బాయిలర్‌కి దూరంగా. టిష్యూ ఆరిపోయినా పర్లేదు, నీళ్ళు తగిలితే చుక్క పాకి పువ్వులా విచ్చుకుంటుంది, ఆ పువ్వు చెరిగిపోదు. కవరు వేసి, ప్లగ్గు పెట్టి, బ్లైండ్ బాస్కెట్ బిగించి, పంపు పది సెకన్లు, ఆపి, మళ్ళీ పది సెకన్లు. ప్లగ్గు పీకి, చల్లారాక తెరిచాను.

మూడు చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. పంపు బయటికొచ్చే చోట ఇత్తడి ఎల్బోకి తెల్లటి టెఫ్లాన్ గొట్టం కలిసే నట్టు దగ్గర నాలుగో పీలిక మీద, చిటికెన వేలి గోరంత నీలం పువ్వు.

ఎందుకు వదులైంది అంటే, ఈ పంపులో మోటారు ఉండదు. ఒక కాయిల్, దాని మధ్య చిన్న పిస్టన్. మన కరెంటు 50 హెర్ట్జులు కాబట్టి ఆ పిస్టన్ సెకనుకి 50 సార్లు కొట్టుకుంటుంది. ఆ బుర్ర్‌మనే మోత అదే. ఎనిమిదేళ్ళ మిషన్, రోజూ ఆ వణుకు. ఏ నట్టయినా వదులవకుండా ఎలా ఉంటుంది?

మా అపార్ట్‌మెంట్ ప్లంబర్‌ని అడిగితే "టెఫ్లాన్ టేప్ చుట్టెయ్యండక్కా" అన్నాడు. గోడలోకి దిగే కుళాయి మరకి (థ్రెడ్‌కి) అది నిజంగానే మంచి మందు, అక్కడ మర దగ్గరే నీళ్ళు ఆగాలి. ఇక్కడ మర కేవలం బిగించడానికే. నీళ్ళని ఆపేది నట్టు లోపల గొట్టాన్ని పట్టుకునే చిన్న ఇత్తడి రింగు, ప్లంబర్ల భాషలో ఆలివ్. మర మీద ఎంత టేపు చుట్టినా ఆ రింగు పక్కనుంచి కారేది కారుతూనే ఉంటుంది. పైగా చుట్టిన టేపు పీలిక ఊడి లోపలికి పోతే వాల్వులో అడ్డం పడుతుంది. నట్టు విప్పి చూస్తే గొట్టం కొస ఏటవాలుగా కోసి ఉంది, రింగు ఒకవైపే కరుచుకుంది. కొత్త బ్లేడుతో కొసని అర సెంటీమీటరు మేర నిట్టనిలువుగా కోసేసి, కొత్త రింగు వేసి, నట్టుని చేత్తో తిరిగినంత తిప్పి, ఆ పైన స్పానర్‌తో ఇంకో పావు, కాకపోతే అర చుట్టు. అంతకన్నా బలం చూపిస్తే ఇత్తడి మర ఊడొస్తుంది. విప్పేముందు ఫోటోలు తీసుకోండి, స్టీమ్ వాండ్ (పాలు కాచే ఆవిరి గొట్టం) తెరిచి లోపల ఒత్తిడి లేదని చూసుకోండి, కింద ఒక గుడ్డ వేసుకోండి, గొట్టంలో మిగిలిన నీళ్ళు ఎటూ కారతాయి.

మళ్ళీ టిష్యూ, మళ్ళీ నీలం చుక్క, మళ్ళీ బ్లైండ్ బాస్కెట్. చుక్క చుక్కలాగే ఉంది. ఆ పీలికని ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను, పువ్వు విచ్చుకున్న దాని పక్కనే.

మీ మిషన్ లక్షణాలు నావి కాకపోవచ్చు, కాబట్టి మిగతావి గబగబా. పంపు ఆపాక కూడా షవర్ స్క్రీన్ నుంచి చుక్కలు రాలుతూ ఉంటే సోలెనాయిడ్ వాల్వులో పొడి రేణువో సున్నం పెచ్చో ఇరుక్కుందని అర్థం. బ్లైండ్ బాస్కెట్‌లో కాఫీ మిషన్లు కడిగే పౌడర్ కాస్త వేసి వెనక్కి కడిగితే చాలాసార్లు పోతుంది, పోకపోతే వాల్వు విప్పి కడగాలి. సోలెనాయిడ్ లేని చిన్న మిషన్లని మాత్రం ఇలా వెనక్కి కడగకండి. చల్లగా ఉన్నప్పుడు ఏమీ లేక, స్టీమ్ మోడ్‌లో పెట్టాకే కారితే బాయిలర్ దగ్గరి సీళ్ళని చూడండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆగిపోయే మెయిన్ స్విచ్) పదే పదే పడిపోతుంటే అది నీళ్ళు కరెంటుని తాకుతున్నాయని హెచ్చరిక. అక్కడ టిష్యూ ప్రయోగాలు చేయకుండా తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి చూపించండి, ఇది మొహమాటపడే చోటు కాదు.

సున్నం మాటకొస్తే, మా ఏరియాలో బోరు నీళ్ళు కెటిల్ అడుగున పదిహేను రోజుల్లో తెల్ల పొర కట్టేస్తాయి. బాయిలర్లో జరిగేదీ అదే, కనిపించదంతే. లీటరు నీళ్ళకి ఇరవై గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి తిప్పి, ఆ తర్వాత రెండు మూడు ట్యాంకుల మంచినీళ్ళతో కడిగేస్తాను. మీది అల్యూమినియం బాయిలర్ అయితే ఎక్కువసేపు నానబెట్టకండి. ఇంకో సంగతి, ఏళ్ళ తరబడి చేయకుండా ఒక్కసారిగా సున్నం కరిగిస్తే ఇన్నాళ్ళూ లేని కొత్త లీకు పుట్టొచ్చు. అరిగిపోయిన సీలు సందుని సున్నమే పూడ్చి కాపలా కాసి ఉంటుంది, మనం దాన్ని తీసేశాం కదా. నిమ్మ ఉప్పుని తిట్టుకోకండి, ఓ-రింగు మార్చండి.

మొత్తం ఖర్చు రాస్తే అమ్మకి చూపించకూడదు. ఓ-రింగులు నలభై, ఆలివ్ ముప్పై. మిగతాదంతా తప్పు చోట వెతికినందుకు కట్టిన జరిమానా: ప్యూరిఫయర్ మెకానిక్, సిలికాన్ గాస్కెట్, మినప్పప్పు. ఆ గాస్కెట్ మాత్రం వాడుకలోనే ఉంది, పాపం బాగానే పనిచేస్తోంది.

నిన్న సాయంత్రం అరకు గింజలతో కాఫీ తీసి పాలు కాచాక స్టీమ్ వాండ్ చివర ఒక చుక్క వేలాడుతూ కనిపించింది. తుడిచాను. ఐదు నిమిషాలకి ఇంకోటి. స్టీమ్ నాబ్ పూర్తిగా బిగించి ఉంది, బాయిలర్ వేడిగా ఉంది, చల్లారాక ఆగిపోయింది. స్టీమ్ వాల్వు సీటు అరిగి ఉండాలి. శనివారం రాణిగంజ్, ఈసారి గాడి కొలుచుకునే వెళ్తాను.